అడుగంటిన పండు వెన్న

నాకు ఓపిక లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. చిన్నప్పుడు సంగటి కెలుకుతూ కూడా ముద్ద కుదిరేదాకా ఆగేదాన్ని కాదు, తెడ్డుకు అంటినదాన్ని అంటినట్టే నాకేసేదాన్ని. "ఆత్రగాడికి బుద్ధి మట్టు" అని మా అమ్మ నెత్తిన ఒక మొట్టికాయ వేసేది. అలాంటి నన్ను పన్నెండు గంటలు ఉడికే వంట ముందు కూర్చోబెట్టింది మా మామా. అదీ కువైట్‌లో, ఇరాక్ సైన్యం వీధుల్లో తిరుగుతున్న రోజుల్లో.

పనిచేసే ఇంటి ఇల్లాలిని అక్కడ మేమంతా మామా అనే పిలుస్తాం. ఆమెకు ఇంచుమించు నా వయసే, ముప్ఫై దాటలేదు. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నదానికి నాలుగు. ఇంటాయన్ని బాబా అనేవాళ్ళం. ఆయన మిలిటరీలో ఏదో ఉద్యోగం. వాళ్ళ నాన్నకు వైద్యం చేయించడానికి లండన్ పోయి ఉన్నాడు. ఆయన అక్కడ ఉండగానే ఆగస్టులో సైన్యం వచ్చిపడింది. ఫోన్లు చచ్చిపోయాయి. పెద్ద ఇల్లు, నలుగురు ఆడవాళ్ళం, అందులో ఇద్దరు పసివాళ్ళు.

నెల గడిచింది. మనవాళ్ళంతా బస్సుల్లో బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాన్ పోతున్నారని, అక్కడి నుంచి విమానాల్లో బొంబాయి చేరుస్తున్నారని చెప్పుకునేవారు. ఒక సాయంత్రం మనవాళ్ళుండే ఫర్వానియా పేట నుంచి అన్న వచ్చాడు. సొంత అన్న కాదు, మా రాయచోటి పక్క ఊరాయన, అక్కడ డ్రైవరు. గేటు సందులోంచి గుసగుసగా చెప్పాడు.

"అమ్మా, ఎల్లుండి తెల్లారి బస్సు ఉండాది. నీ పేరు రాయించినా. పాస్‌పోర్టు మాత్రం చేతిలో ఉండాల. లేకుంటే ఎక్కనీయరంట."

"నా పాస్‌పోర్టు బాబా బీరువాలో ఉండాదన్నా."

"మరి మీ మామాను అడుగు. ఈ బస్సు పోతే మళ్ళీ ఎప్పుడో చెప్పలేం."

ఇంటి దగ్గర నాకూ ఒక కూతురుంది, మామా చిన్న కూతురి ఈడుదే. ఉత్తరాలు ఆగిపోయి నెలైంది. నేను బతికున్నానో లేదో కూడా వాళ్ళకు తెలియదు. మెట్లు రెండేసి ఎక్కుతూ మామా దగ్గరికి పరుగెత్తాను. చెప్పాను. ఆమె విన్నది, నా ముఖం చూసింది, చేతిలో ఉన్న తాళాల గుత్తిని గట్టిగా పట్టుకుంది. "ఇన్షా అల్లా. రేపు చూద్దాం. సబర్," అంది. సబర్ అంటే ఓర్చుకో అని. నాకు ఒళ్ళు మండింది. తాళాలు చేతిలోనే ఉన్నాయి కదా, బీరువా తీయడానికి రేపటిదాకా ఎందుకు?

తెల్లారి చూస్తే మామా వంటింట్లో కరెంటు కుండ పెట్టుకుని కూర్చుంది. లోపల పింగాణీ గిన్నె, పైన గాజు మూత, పక్కన సెగ తిప్పే బుడిపె. ఎప్పుడో విదేశాల్లో చదువుకునేటప్పుడు కొనుక్కుందట. అందులో పెట్టింది ఏదైనా సన్న సెగ మీద గంటలకు గంటలు ఉడుకుతుంది. పెరట్లో చెట్టు ఖర్జూరాలు, నెల కిందట కొన్న పెట్టెలో ముడతలు పడ్డ ఆపిళ్ళు బల్ల మీద కుప్పగా పోసి ఉన్నాయి. పండు వెన్న చేయాలంది. పేరుకే వెన్న, అందులో వెన్న చుక్క కూడా ఉండదు. పండ్లు కరిగి కరిగి, నీరంతా ఆవిరై, రొట్టెకు పూసుకునేలా నల్లగా దగ్గరపడేదాకా ఉడికించడమే. ఇంట్లో చక్కెర అయిపోవచ్చింది. ఖర్జూరం ఉంటే చక్కెర అక్కర్లేదు.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. నాకు సరిగ్గా అదే గుర్తొచ్చింది. ఊరు ఊరంతా మూటలు కట్టుకుంటుంటే ఈమెకు తీపి తినబుద్ధయిందా? నోటికి వచ్చిన తిట్లన్నీ తెలుగులో తిట్టుకుంటూనే గింజలు తీశాను, ఆపిళ్ళు తరిగాను. మామా కాస్త నీళ్ళు పోసి, దాల్చిన చెక్క వేసి, మూత పెట్టి, బుడిపెను తక్కువ సెగ మీద తిప్పింది.

"పన్నెండు గంటలు. మూత తీయొద్దు, తీస్తే వేడి పోతుంది. చివర్లో మాత్రం మూత కింద చెక్క గరిటె అడ్డం పెట్టు, ఆవిరి పోవాలి. పిల్లల్ని ఇక్కడే ఉంచుకో. పైకి రావద్దు."

"మామా, నా పాస్‌పోర్టు..."

"ముందు ఇది కానీ. తర్వాత మాట్లాడదాం."

ఆమె పైకెళ్ళింది. కాసేపటికి పైన దుమ్ము పీల్చే మిషను మోగడం మొదలైంది. ఆ మోత ఆగదే! గంట, రెండు గంటలు. ఊడ్చేది, తుడిచేది నేను కదా, ఈవిడకు ఇవాళ ఏం పోయేకాలం వచ్చిందని గింజుకున్నాను. మధ్యమధ్యలో దబ్ దబ్ మని ఏదో చప్పుడు. సామాన్లు జరుపుతోంది, నగలు దాచుకుంటోంది అనుకున్నాను. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. నా పాస్‌పోర్టే దాచేస్తోంది. నేను పోతే ఇద్దరు పిల్లలతో ఒంటరిదైపోతుంది కదా, అందుకే బస్సు పోయేదాకా నన్ను ఈ కుండకు కట్టేసింది. ఆ అనుమానం ఒకసారి తలలోకి దూరాక ఇక నేను మనిషిని కాదు.

కాలుగాలిన పిల్లిలా వంటింట్లో తిరిగాను. మూత తీశాను. తేలికగా పొగలు, ఆపిలు ముక్కలు అలాగే తేలుతున్నాయి. సంగటి కెలికినట్టు కెలికి మూత పెట్టాను. పావుగంటకు మళ్ళీ తీశాను. చిన్నది నా కొంగు పట్టుకుని "అయ్యిందా?" అని అడిగేది. "నీ వెన్న పాడుగాను, ఎప్పటికవుతుందే?" అని దాని మీద విసుక్కున్నాను. అది నా మాట అర్థంకాక నవ్వింది.

మధ్యాహ్నానికి కూడా పులుసులాగే ఉంది. తీసిన ప్రతిసారీ వేడి పోయి ఉడుకు వెనక్కి పోతోందని నాకు తెలుసు. అయినా చేయి ఊరుకోదు. చివరికి బుడిపెను పట్టుకుని ఎక్కువ సెగ మీదికి తిప్పేశాను. తొందరగా అయితే తొందరగా మాట్లాడుతుంది కదా. మూత కింద గరిటె అడ్డం పెట్టాను. ఇక బుడబుడమని ఉడకడం మొదలైంది. నాకు ప్రాణం కాస్త కుదుటపడింది.

సాయంత్రం అసర్ నమాజు వేళకు అన్న మళ్ళీ గేటు దగ్గరికి వచ్చాడు.

"దొరికిందామ్మా?"

"యాడన్నా! పొద్దున్నుంచి పండ్లు ఉడకబెడతాండా."

"ఏందీ?"

"పండ్లన్నా! ఖర్జూరాలు, ఆపిళ్ళు! అది అయితేగానీ మాట్లాడదంట మహాతల్లి!"

అన్న నోరు తెరిచి నన్ను చూశాడు. "నీకేమైనా మతి పోయిందామ్మే? తెల్లారి బస్సు పెట్టుకొని..." అని మొదలుపెట్టి, సందు చివర సైనికులు కనబడితే ఆపేశాడు. వాళ్ళు దాటిపోయేదాకా గోడ పక్కన నిలబడ్డాం. తర్వాత నేను ఏడ్చాను, అన్న ఓదార్చాడు. ఎంతసేపో తెలియదు. లోపలికి వస్తుంటే గడపలోనే మాడు వాసన కొట్టింది.

మూత ఎత్తాను. చిక్కటి గుజ్జు టప్పుమని ఎగిరి మణికట్టు మీద పడింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ప్లగ్గు పీకేశాను. అడుగంటింది. అడుగంటినదాంట్లో గరిటె పెడితే పైనున్నది కూడా పాడైపోతుందని మా ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు. చేతులు వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఖర్జూరాలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంట్లో ఇంక తీపి అన్నదే లేదు.

పైన మిషను ఆగింది. మామా దిగి వచ్చింది. కుడిచేతికి పిల్లల తువ్వాలు చుట్టి ఉంది, దాని నిండా నెత్తురు. జుట్టంతా తుప్పు రజను. ఎడమచేత్తో నా పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"బీరువా తాళం బాబాతోనే పోయింది," అంది. "సుత్తితో, స్క్రూడ్రైవరుతో కొట్టాను. చప్పుడు వీధిలోకి పోకూడదని మిషను పెట్టాను."

"నాకు చెప్పుంటే నేను కొట్టేదాన్ని కదా మామా!"

"తెరుచుకుంటుందో లేదో తెలియకుండా నీకు ఆశ పెట్టడమెందుకు? పైగా అందులో బాబా మిలిటరీ కాగితాలున్నాయి. దారిలో సైనికులు అడిగితే నువ్వు చూడలేదనే చెప్పాలి. నీకు అబద్ధం రాదు, మనసులో ఏముంటే అది ముఖంలో కనబడుతుంది. నిన్నటి నుంచీ చూస్తున్నాను కదా."

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆమె ముక్కు ఎగబీల్చి కుండలోకి చూసింది. బుడిపెను చూసింది. ఇక తిట్లు మొదలవుతాయనుకుని కళ్ళు మూసుకున్నాను. తిట్లకు బదులు ఆమె ఎడమచేత్తో గరిటె పట్టుకుని, అడుగు తగలకుండా పైపైన తీసి ఒక పెద్ద సీసాలో నింపింది. సీసా నిండాక ఆపింది.

"ఇది దారికి. ఈ ఎండకు రొట్టె ఎండుతుంది కానీ ఇది చెడిపోదు."

నాకోసమా! ఆ ముక్క పొద్దున్నే చెప్పి ఉంటే ఏం పోయింది తల్లీ? "షుక్రన్" అన్నాను, కూరగాయల వాడికి థాంక్స్ చెప్పినట్టు.

తెల్లవారుజామున సంచి కట్టుకుంటుంటే వంటింట్లోంచి గరగరమని గీకుతున్న చప్పుడు వినబడింది. మాడిన గిన్నె తోముతోంది అనుకున్నాను. గాయమైన చేత్తో ఎందుకు మామా, నేను తోమి పోతాను అని అనాల్సింది. అన్న కారు హారను కొట్టాడు, పరుగెత్తాను. గేటు దగ్గర నా తల మీద ఎడమచేయి పెట్టి "యల్లా" అంది, ఇక బయల్దేరు అని. పిల్లలు నిద్రలో ఉన్నారు.

ఐదో రోజుకు జోర్డాన్ సరిహద్దులో గుడారాల్లో పడ్డాం. నీళ్ళకు వరస, రొట్టెకు వరస. ఎండు రొట్టె నీళ్ళలో అద్ది, మీద ఆ వెన్న పూసుకుని తిన్నాను. పక్క గుడారంలోని పులివెందుల అక్కకు కాస్త పెట్టాను. ఆమె వేలు నాకి, "ఎంత బాగుందే! ఎవరు చేసినారు?" అంది.

"నేనే. అడుగంటించినా."

"యాడ మాడింది? రవ్వంత వాసన కూడా లేదే."

నేనూ అప్పుడే గమనించాను. సీసాలో వేలు పెట్టి అట్టడుగుదాకా వెతికాను. మాడు ముక్క ఒక్కటి కూడా లేదు. అప్పుడు తెల్లవారుజాము గరగర చప్పుడు గుర్తొచ్చింది. అది తోమిన చప్పుడు కాదు. తోముతుంటే నీళ్ళు పారే చప్పుడు ఉంటుంది కదా, ఆ రోజు కొళాయి తిప్పనే లేదు. అడుగున మాడినదాన్ని పిల్లల రొట్టెల మీదికి గీకుతోంది.

వాళ్ళు ఏమయ్యారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె నన్ను ఉండిపొమ్మని ఒక్కసారైనా అడగలేదు. అడిగి ఉంటే కోపంతో తిట్టుకుంటూ హాయిగా వచ్చేసి ఉండేదాన్ని. ఆ రోజు ఆ గుడారంలో సీసా ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. పులివెందుల అక్క "ఇంటికే కదా పోతాండేది, ఏడుస్తావెందుకే?" అని అడుగుతూనే ఉంది. మాడిందంతా నేను ఆ పిల్లలకు వదిలేసి వచ్చానని ఆమెకు చెప్పలేకపోయాను.