కత్తెర టీచరు క్లాసు

విదేశంలోని ఓ హైస్కూల్లో మెట్ల కింది గదిలో ఇంగ్లీషు చెప్పే ఆవిడని పిల్లలు చాటుగా కత్తెర టీచరు అనేవాళ్ళు. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లల కోసం పెట్టిన క్లాసు అది. పద్దెనిమిది మంది పిల్లలు, తొమ్మిది భాషలు. ఎవరైనా సొంత భాషలో ఒక్క మాట అన్నారా, ఆవిడ రెండు వేళ్ళు కత్తెరలా ఆడించేది. మాట అక్కడికక్కడే తెగిపోవాలి.

చెడ్డ మనిషేం కాదు. చిన్నప్పుడు తనూ ఇలాంటి గదిలోనే, ఇలాంటి అదిలింపుల మధ్యే నేర్చుకుంది. పాతికేళ్ళుగా అదే దారి అనుకుంది. ఆవిడ ఇంటి భాష తెలుగని పిల్లలెవరికీ తెలియదు. తెలిస్తే తెలుగు పిల్లలు ఇంగ్లీషుకి ఎగనామం పెడతారని ఆవిడ భయం.

ఆ ఏడాది క్లాసులో తెలుగమ్మాయి ఒక్కతే. పదహారేళ్ళది. చేరిన నాలుగు నెలల్లో "ఎస్ మిస్" తప్ప నోరు విప్పలేదు. నోటుబుక్కు నిండా బొమ్మలే: గాజు సీసాలు, మంటలు, బాణం గుర్తులు. పిల్లకి చదువు మీద ధ్యాస లేదని టీచరు కూడా తేల్చేసుకుంది.

తల్లిదండ్రులని పిలిచిన రోజు ఆ అమ్మాయి తల్లి వచ్చింది. ఓ హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతోంది. మాటలు అటూ ఇటూ చెప్పడానికి రావలసిన మనిషి రాలేదు. బయట ఇంకా పదిమంది ఎదురుచూస్తున్నారు. "అమ్మాయే చెబుతుందిలెండి" అని కెమిస్ట్రీ మాస్టారు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"మీ అమ్మాయి పాఠం ఏమీ అందుకోవడం లేదు. కింది గ్రూపుకి మారిస్తే మంచిది. అక్కణ్ణించి కాలేజీలో సైన్సు దొరకదు. అయినా ఇక్కడ ఉంచితే ఆమెకే అన్యాయం."

టీచరు పక్కనే ఉంది. పిల్ల ఏదో తీపిగా మార్చి చెబుతుందిలే అనుకుంది. ఆ వయసులో తను అదే చేసింది మరి. "బాగా చదువుతోందంటున్నారు" అని నాన్నతో చెప్పి గండం గట్టెక్కింది.

అమ్మాయి తల్లివైపు తిరిగింది.

"నాకు పాఠం ఏమీ ఎక్కట్లేదంటున్నారమ్మా. కింది గ్రూపుకి పంపితే మంచిదట. అక్కడికెళ్తే కాలేజీలో సైన్సు ఉండదు. ఇక్కడే ఉంచితే నాకే అన్యాయమట."

పొల్లు పోలేదు.

"నిజంగానే ఎక్కట్లేదా?" అంది తల్లి.

"ఎక్కుతోందమ్మా. ప్రశ్న చదువుకునేసరికే టైమైపోతోంది. జవాబు తెలుసు, మాటలు రావు."

"ఆ ముక్కే ఆయనకి చెప్పు."

"మాటలు రావంటుంటే ఎలా చెప్పనే!"

టీచరుకి నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. "నేను చెప్తానుండు" అంది తెలుగులో.

తల్లీకూతుళ్ళు ఉలిక్కిపడ్డారు. "మీకు తెలుగొచ్చా మిస్?"

"వచ్చు. ఇన్నాళ్ళూ చెప్పకపోవడం నా తప్పే."

తర్వాత మాస్టారివైపు తిరిగింది. "మీరన్న ప్రతి మాటా ఈ పిల్ల ఉన్నదున్నట్టు వాళ్ళమ్మకి చెప్పింది, అదీ తన మీద ఫిర్యాదు. ఏమీ అందుకోని పిల్ల ఆ పని ఎలా చేస్తుంది?" అంటూ అమ్మాయి చేతిలోని నోటుబుక్కు తీసుకుని తెరిచి ఆయన ముందు పెట్టింది. మాస్టారు రెండు పేజీలు తిప్పి ఆగాడు. "ఇది నేను పోయిన నెల చేయించిన ప్రయోగం" అన్నాడు మెల్లగా. "బాణాలన్నీ సరిగ్గానే వేసింది."

గ్రూపు మార్పు ఆగిపోయింది.

సోమవారం టీచరు క్లాసులో పద్ధతి మార్చింది. ముందు ఏ భాషలో కావాలంటే ఆ భాషలో ఆలోచించుకోండి, మాట్లాడుకోండి, ఆ తర్వాత ఇంగ్లీషులో చెప్పండి అంది. గది సంతలా తయారైంది. సందు దొరికిందని ఇద్దరు కుర్రాళ్ళు వారమంతా ఆటల కబుర్లే చెప్పుకున్నారు. తప్పు చేశానా అని ఆవిడ ఒకటి రెండుసార్లు అనుకుంది కూడా. కానీ మూడో వారానికి, ఎన్నడూ చెయ్యెత్తని వాళ్ళు చెయ్యెత్తడం మొదలుపెట్టారు. మాస్టారు ప్రశ్నపత్రంలో వాక్యాలు పొట్టివి చేశాడు, కష్టమైన మాటల పక్కన బొమ్మలు పెట్టాడు. మొదట గొణిగాడు. తర్వాత మిగతా పిల్లల మార్కులూ పెరిగేసరికి గొణగడం మానేశాడు.

ఏడాది చివర ఇంగ్లీషు పరీక్షలో రాయడం బాగానే రాసినా, మాట్లాడే భాగంలో ఆ అమ్మాయి తప్పింది. ఇంటికెళ్ళి ఏడ్చింది. మూడు నెలల తర్వాత మళ్ళీ ఆ పరీక్షకి కూర్చుంది. సెలవుల గురించి చెప్పమన్నారు.

"ఎక్కడికీ వెళ్ళలేదండి. తమ్ముడికి లెక్కలు నేర్పాను. వాడు మొండిఘటం. ఎలా నేర్పానో చెప్పనా?"

పరీక్ష పెట్టే ఆవిడ పెన్ను పక్కన పెట్టి, చెప్పమంది. ఐదు నిమిషాల్లో అయిపోవలసింది పావుగంట సాగింది. మధ్యలో వ్యాకరణం రెండు మూడు చోట్ల తప్పింది, అయినా అమ్మాయి ఆగలేదు. బయట బెంచీ మీద కూర్చున్న టీచరుకి లోపలి నుంచి ఇద్దరి నవ్వులూ వినిపించాయి.