డిస్టిల్డ్ వాటర్ సీసా

రాజయ్య చొక్కా పొట్ట దగ్గర జల్లెడలా ఉంటుంది. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆవరణలో అతిథుల్ని తిప్పే బ్యాటరీ బండికి అతను డ్రైవరు. రోజూ పొద్దున్నే సీటు ఎత్తి, ఒక్కో బ్యాటరీ మూత విప్పి, లోపలికి తొంగి చూసి డిస్టిల్డ్ వాటర్ పోస్తాడు. వైర్ల మొదట్లో పేరుకున్న తెల్లటి చిలుమును తినే సోడా నీళ్లతో కడుగుతాడు. చిందిన యాసిడ్ చొక్కాను తింటుంది. ఏడాదికే పోతాయన్న బ్యాటరీలు రెండో ఏడు కూడా బతికాయంటే అది ఆ చొక్కా పుణ్యమే.

కొత్త బండి వస్తే దాన్ని అమ్మినవాళ్ల డ్రైవరే వస్తాడు, రాజయ్య పని పోయి ఇంటికి పోవాలి. అందుకే మేనేజర్ ఉదయ్ భాస్కర్ "ఈ పాత బండి గేటు దగ్గరి ఎత్తు ఎక్కితే ఇంకో ఏడాది ఉంచుదాం" అనగానే నమ్మి, ఎక్కుతుందన్నాడు. నలుగురు కూర్చునే బండిలో మేనేజర్ ఏడుగురిని ఎక్కించాడు.

"గింతమందా సారు?"

"ఎక్కుతుందన్నావుగా, పోనీ."

రాజయ్య చెప్పులు విడిచి వట్టి కాలితో పెడల్ నొక్కాడు. బండి మూలిగింది గానీ ఆగలేదు. పైకి చేరాక అతను నవ్వు ముఖంతో వెనక్కి తిరిగాడు.

మేనేజర్ ఫైలు తెరిచి రాసుకుంటున్నాడు. "కొత్తది పోయిన వారమే ఆర్డర్ ఇచ్చేశామయ్యా. గెస్టుల ముందు పాతది బాగోదు."

"మరి గీ పరీక్ష ఎందుకు వెట్టిన్రు?"

"పాతదాన్ని పరీక్షించే మార్చామని ఫైల్లో ఒక కాగితం ఉండాలి కదా."

రాజయ్య సీటు కింది సీసా తీసి, ఆ తెరిచిన ఫైలు మీద పెట్టాడు.

"కొత్తదానికి గూడ నీళ్లు వొయ్యాలె సారు. ఎవడు వోస్తడో గది గూడ రాస్కోండ్రి."