రేగడిలో పాతిన కడ్డీ

సర్వే బృందాల వెంట గొలుసు మోసి బతికిన పెరుమాళ్సామి, విరుదునగర్‌లో పుదూరు బస్సెక్కినప్పటినుంచీ గొణుగుతూనే ఉన్నాడు. చాలా ఏళ్ళ కిందట భార్యతో కలిసి తాను పాతిన బెంచ్‌మార్కును, అంటే నేల ఎత్తు లెక్కకు ఆధారమైన గుర్తును, ఇప్పుడు రోడ్డువాళ్ళు కొలుస్తారట. మట్టం కదిలి ఉంటే పీకేస్తారు, లేకుంటే మూత పెట్టి ఉంచుతారు. ఆమె పోయింది. ఇద్దరి చేతులూ పడిన పని భూమ్మీద అదొక్కటే మిగిలింది.

నల్లరేగడి రైతుకు తల్లి, మేస్త్రీకి సవతితల్లి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. మొదట పాతిన రాయిని ఒక్క వానాకాలంలోనే పైకి నెట్టేసింది. అందుకని అప్పటి ఇంజనీరు బండ తగిలేదాకా బోరు వేయించి, ఇనుప కడ్డీని ఆ బండలో నిలబెట్టించాడు. మట్టి పట్టుకోకుండా చుట్టూ వదులుగా గొట్టం తొడిగించాడు. ఇక మట్టి ఎంత కుస్తీ పట్టినా గొట్టంతోనే, కడ్డీ జోలికి రాదు. ఆ గట్టుమీద ఇద్దరూ సద్దిమూట విప్పుకున్న రోజులను పెరుమాళ్సామి ఇప్పటికీ మరవలేదు.

చేను చేరి చూశాడు. గొట్టానికి పసుపు, కుంకుమ, ఎర్రగుడ్డ. అమ్మవారంటే అభిషేకం తప్పదు. నీళ్ళు దిగితే లోపల బురద పేరుకుని కడ్డీని పట్టేసినట్టే. కొంప మునిగిందనుకున్నాడు. రోడ్డువాళ్ళ సర్వేకు వచ్చిన శాంతిప్రియ, కోవిల్పట్టి వైపు బండమీది గుర్తు నుంచి తెచ్చిన మట్టం లెక్కను ఇక్కడ సరిచూస్తోంది. కలుపు తీస్తున్న మారిసెల్వి కొడవలితోనే వచ్చి నిలబడింది.

"ఎన్ని కుండలు పోసినారమ్మా దీనికి?" అన్నాడు పెరుమాళ్సామి.

"నీళ్ళా? ఈయమ్మకు చుక్క పోయగూడదు తాతా. పోస్తే తిట్టుతుందని మా అత్త చెప్పింది. పసుపు పూసి, పువ్వు పెట్టేసి పోతాము."

"ఏ అమ్మ?"

"వెళ్ళైయమ్మ."

పెరుమాళ్సామి ఆ ఎర్రగుడ్డను తేరిపార చూశాడు. వెళ్ళైయమ్మాళ్ అతని భార్య. కడ్డీ పాతిన ఏడాదంతా ఈ చేలోనే కూలికి వచ్చింది. ఆ గొట్టం దగ్గర ఎవరు చెంబు కడిగినా వాళ్ళ ఏడు తరాలనూ దులిపేసేది. ఆ తిట్లే ఇక్కడ ఆచారమై కూర్చున్నాయి.

శాంతిప్రియ లెక్క మళ్ళీ చూసుకుంది. "అట్లే ఉంది తాతా, కదల్లేదు. దీన్ని పీకరు."

అతను చెప్పులు విడిచి చేతులు జోడించాడు. బతికుండగా ఆమెతో రోజూ కయ్యమే. ఇప్పుడు కన్నీళ్ళు ఆగడంలేదు.

"ఈయమ్మ నీకు తెలుసునా తాతా?" అంది మారిసెల్వి.

"తెలుసునమ్మా," అన్నాడు. "నన్ను గూడా శానా తిట్టింది."