పోవద్దని పెట్టిన పొగ

మా అత్తమ్మ పోయిందని కిరాణా కొట్టాయన వచ్చి చెప్పాడు. నల్లగొండలో మా గల్లీ మొత్తానికి ఆ కొట్టులోనే ఫోను. కేతేపల్లి దగ్గరి మా ఊరి నుంచి ఆడబిడ్డ చేసిందట. "జర కూసో అమ్మా, ఒక మాట చెప్పాలె" అని ఆయన అనగానే నాకు అర్థమైంది. అయినా నా నోట వచ్చిన మొదటి మాట, "దమ్మేనా?" అని. "అవునట. పొద్దుగాల సంది ఎగపోసుకుంటనే ఉన్నదట" అని తల దించుకున్నాడు.

దమ్ము అంటే మా వైపు ఊపిరాడని జబ్బు. నాకు ఈ లోకంలో పామంటే భయం లేదు, దయ్యమంటే భయం లేదు. దగ్గంటే భయం. ఇంట్లో ఎవరైనా దగ్గితే చేతిలో పని ఆగిపోతుంది. పడుకున్న పిల్లల ఛాతీ ఎట్లా లేచి పడుతోందో చూడకుండా నాకు నిద్ర రాదు. ఈ భయం నాకూ అత్తమ్మకూ ఉమ్మడి ఆస్తి. మిగతా ఏ విషయంలోనూ మా ఇద్దరికీ పొత్తు కుదరలేదు. కూరలో ఉప్పు దగ్గర నుంచి ప్రార్థనకు కట్టే చీర దాకా అన్నిట్లోనూ తగవే. నేను పది పాసయ్యానని ఆమెకు గర్వం, కోపం రెండూ ఉండేవి. పొయ్యి అంటుకోకపోతే, "పుస్తకంల జూడు పిల్లా, ఎట్ల ముట్టియ్యాల్నో రాసుంటది" అనేది.

నా మొదటి బిడ్డ ఏడాది నిండకుండానే పోయింది. చలికాలం, దగ్గు మొదలై ఊపిరి అందక డొక్కలు ఎగరేసింది. పెద్దరోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉండగానే నా ఒళ్లో చల్లబడింది. అత్తమ్మ అంతకు ముందే అదే జబ్బుకు తన పిల్లలు ఇద్దరిని మట్టిలో పెట్టింది. అందుకే రెండో బిడ్డ పుట్టినప్పుడు మా ఇంట్లో ఎవరూ గట్టిగా సంతోషపడలేదు. చలి మొదలైతే చాలు, అత్తమ్మ దాన్ని ఒళ్లో వేసుకుని పొయ్యి ముందు కూర్చునేది. "ఈడ వెచ్చగుంటది, దగ్గు దగ్గరికి రాదు" అనేది. మా వంట గుడిసెకు కిటికీ లేదు. వంగి పోవాల్సిన వాకిలి ఒక్కటే. కందికట్టె, ఆముదం కట్టె, పిడకలు, ఏది దొరికితే అది మంట. గోడలు నల్లగా నిగనిగలాడేవి.

ఎనభైల చివర్లో ఒక చలికాలం మా వాడకు జీపు వచ్చింది. హైదరాబాదు నుంచి ఒక డాక్టరమ్మ, ఆమెతో పొడుగాటి తెల్లాయన. పేద దేశాల్లో పసిపిల్లల ఊపిరి జబ్బులకు పొయ్యి పొగ కారణమా అని నాలుగైదు దేశాల డాక్టర్లు కలిసి వెతుకుతున్నారట. వాళ్ల దగ్గర చిన్న డబ్బా ఉంది. వంట చేసే మనిషి నడుముకు దాన్ని కట్టి, దాని గొట్టం మెడ దగ్గర రవికెకు తగిలిస్తారు. డబ్బా గుయ్యిమంటూ గాలి పీలుస్తుంది. లోపల రూపాయి బిళ్లంత తెల్ల కాగితం ఉంటుంది, పొగలోని మసి దాని మీద పడుతుంది. ఎక్కడో కొండల దేశంలో కూడా ఆడవాళ్లు ఇదే డబ్బా కట్టుకుంటున్నారని డాక్టరమ్మ చెబితే అత్తమ్మ ఆశ్చర్యపోయింది.

"ఆళ్లు గూడ మనలెక్కనే పొయ్యికాడ కండ్లు నలుసుకుంటరా?" అంది.

"మనలాగే అమ్మా" అంది డాక్టరమ్మ.

నా మనసు డబ్బా మీద లేదు. పొగ ఎక్కువున్న వాడలను ఎంచుకుంటారట. ఎంచుకున్న చోటికి వారం వారం జీపు వస్తుంది, పిల్లల ఛాతీ చూస్తారు, మందు అక్కడే ఇస్తారు. అంతవరకే నా చెవికి ఎక్కింది. ఈసారి నేను రోడ్డు మీద బస్సు కోసం నిలబడక్కర్లేదు. వాడలో ఆడవాళ్లు మాత్రం ఆ డబ్బా మనుషుల ఊపిరి లాగేస్తుందని గుసగుసలాడారు. అత్తమ్మే ముందుకొచ్చింది. "నా దమ్ము గుంజుకుంటే గుంజుకోనీ. పొల్లను జూస్తరు గద" అంది. ఆమె ఒప్పుకున్నాక మిగతావాళ్లూ ఒప్పుకున్నారు.

కొలిచే రోజు నేను బిడ్డను తీసుకుని అవతలి వీధిలో ఉన్నాను. వచ్చేసరికి డాక్టరమ్మ మా వంట గుడిసె ముందు నిలబడి ఉంది. ముఖంలో నవ్వు లేదు.

"ఈ స్టవ్వు నిన్న మీ పక్కింట్లో చూశాను. మొన్న ఆ చివరి ఇంట్లో చూశాను. ప్రతి ఇంట్లోనూ ఒక కాలు విరిగి, తీగతో కట్టి ఉన్న కిరోసిన్ స్టవ్వేనా?" అని అడిగింది.

బడి పంతులు గారి స్టవ్వు అది. మా వాళ్లంతా దాన్ని వంతులు వేసుకుని తెచ్చుకున్నారు. గోడలు అలికి, గుడిసె ఊడ్చి, పొయ్యిలో బూడిద ఎత్తేసి, దాని మీద ముగ్గు కూడా వేశారు. అత్తమ్మ నడుముకు డబ్బా కట్టుకుని, చర్చికి కట్టే చీరలో, ఆ స్టవ్వు మీద పప్పు వండింది. కాగితం బిళ్ల పెట్టింది పెట్టినట్టు తెల్లగా ఉంది.

"అన్ని ఇళ్లలోనూ ఇంతేనమ్మా. పొగ లేని చోట మాకు పని లేదు. వచ్చే వారం జీపు వేరే ఊరికి పోతుంది" అని డాక్టరమ్మ డబ్బాలు సర్దుకుంది.

చంకలో బిడ్డ అప్పటికే ఖళ్లుఖళ్లుమంటోంది. అత్తమ్మ మీద విరుచుకుపడ్డాను.

"ఎవలు తెమ్మన్నరు నిన్ను గా స్టవ్వు? ఆళ్లు పొగ జూడనీకే వస్తే పొగ దాస్తవా?"

"మరి ఇంటికొచ్చినోళ్లకు పొగ పెడతరానె? పొమ్మన్నట్టు గాదా?"

ఒకరికి పొగ పెట్టడమంటే నోటితో పొమ్మనకుండానే వెళ్లగొట్టడమేనని తెలుగు చదివేవారికి చెప్పక్కర్లేదు. మా అత్తమ్మకు ఆ మాట ఇంకో రకంగా తగిలింది. ఊరి దొర ఏనాడూ మా వాడ వైపు చూడలేదు. పట్వారీ రోడ్డు మీద నుంచే కేకేసేవాడు. "గీ పెద్ద పెద్ద డాక్టర్లు తల వంచుకొని మన గుడిసెల అడుగుబెట్టిన్రు. మన కంచంల తిన్నరు. ఆళ్లకు పొగ పెట్టాల్నా?" అంది. అప్పుడే బిడ్డకు దగ్గు తెర వచ్చి మొహం ఎర్రబడింది. అత్తమ్మ దాని డొక్కల వైపు చూసింది. నా వైపు చూసింది. కొంగు నడుముకు బిగించి జీపు వెంట పరుగెత్తింది.

వాడ చివర జీపుకు అడ్డం నిలబడిందట. "అమ్మా, జర ఆగుండ్రి. మేం అబద్ధం జేసినం. రోజు గట్ల వండం" అని ఇద్దరినీ వెనక్కి తీసుకొచ్చింది. నన్నూ బిడ్డనూ దూరంగా వేపచెట్టు దాకా పొమ్మంది. వాళ్లను వంట గుడిసెలో పీట వేసి కూర్చోబెట్టి, డబ్బా మళ్లీ నడుముకు కట్టించుకుని, ముగ్గు వేసిన పొయ్యిలో పచ్చి ఆముదం కట్టె తోసింది. పిడకలు పేర్చింది. కాసేపటికి వాకిట్లోంచి తెల్లగా, తర్వాత నల్లగా పొగ బయటికి వచ్చింది. లోపల నుంచి మగ దగ్గు, ఆడ దగ్గు. మధ్యలో అత్తమ్మ గొంతు. ఆమె ఏడుస్తోందో, కళ్లు మండుతున్నాయో చెప్పలేను.

"ఏమనుకోకుండ్రి సారూ. మీకు పొగ పెడుతున్న. మీరు పోవద్దని పెడుతున్న."

తెల్లాయన ఏమందని అడిగాడు. డాక్టరమ్మకు ఆ మాట ఆయన భాషలో చెప్పడానికి చాలాసేపు పట్టింది.

బయటికి వచ్చాక డాక్టరమ్మ డబ్బా విప్పింది. కాగితం బిళ్ల రొట్టెల పెనం అడుగులా ఉంది. అత్తమ్మ దాన్ని చూస్తూ నిలబడిపోయింది.

"గింత మసి నా లోపటికి గూడ పోయిందా?"

"పోయే ఉంటుందమ్మా."

"మరి ఒళ్లె కూసున్న పోరగాండ్లకు?"

డాక్టరమ్మ బిళ్లను డబ్బాలో పెట్టి మూత బిగించింది.

"అయితే నా పిల్లలు ఇద్దరు, గీ పిల్ల మొదటి బిడ్డ... వెచ్చగుంటదని నేనే గద ఈడ కూసోబెట్టుకున్న. గందుకేనా పోయిన్రు?"

"ఏమోనమ్మా. కావచ్చు, కాకపోవచ్చు. అది తెలుసుకోవడానికే ఇంతమందిమి తిరుగుతున్నాం" అంది డాక్టరమ్మ. అవునన్నా అత్తమ్మ ఏడ్చి ఊరుకునేది. కాదన్నా ఊరుకునేది. ఆ 'ఏమో' ఒకటి ఆమెకు మిగిలిపోయింది. పిల్లల సమాధుల దగ్గరికి పోయినప్పుడల్లా పెదవులు కదిలేవి. క్షమాపణో, ప్రార్థనో నేనెప్పుడూ అడగలేదు.

ఆ రోజు నుంచి బిడ్డను వంట గుడిసె దరిదాపుల్లోకి రానివ్వలేదు. నన్నూ రానివ్వలేదు. "పాలిచ్చేదానివి, నీకేం పని ఈడ" అని కసిరేది. ఆ ఇంటి వంటంతా ఆమే చేసింది. నువ్వూ మనిషివే కదా అంటే, "నాకు పొగ పాత చుట్టమే. కొత్తగ ఏం జేస్తది?" అనేది. జీపు మాత్రం వారం వారం వచ్చింది. ఆ చలికాలమే ఒక మధ్యాహ్నం నా బిడ్డ డొక్కలు ఎగరేసింది. జీపు రోజు కావడం మా అదృష్టం. డాక్టరమ్మ మందు పట్టింది, వాడలోనే ఉండిపోయింది. సాయంత్రానికి బిడ్డ పాలు పీల్చింది. అత్తమ్మ వాకిట్లో చతికిలబడింది.

తర్వాత పొగగొట్టం పొయ్యిలు కట్టించారు. వానలకు అవి పగిలిపోయాయి. జీపు రావడం ఆగింది. ఇన్ని దేశాల వాళ్లు కలిసి చివరికి ఏం తేల్చారో మాకెవరూ వచ్చి చెప్పలేదు. మా ఆయనకు పని దొరికి అత్తమ్మతో సహా నల్లగొండ చేరాం, గ్యాసు పొయ్యి వచ్చింది. పొగ పోయింది గానీ అత్తమ్మకు దమ్ము వచ్చింది. రెండు మెట్లెక్కితే గోడ పట్టుకునేది. ఇదంతా ఎవరి కోసం మింగిన పొగో నాకు తెలుసు. ఒక్కసారి కూడా నోరు తెరిచి ఆ మాట అనలేకపోయాను, మాకు తగవులాడటమే వచ్చు.

ఈ చలికాలం క్రిస్మస్ మా ఊరి చర్చిలోనే చేసుకుంటానని పట్టుబట్టింది. వద్దన్నాను, గొడవపడ్డాను. చివరికి, ఆ ఫోను రావడానికి వారం ముందు, నేనూ పదేళ్లు దాటిన నా బిడ్డా వెళ్లి బస్సు ఎక్కించాం. కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదలగానే నల్లటి పొగ మా మీదికి వచ్చింది. అత్తమ్మ కిటికీలోంచి సగం బయటికి వంగి, కొంగుతో నా బిడ్డ మొహం వైపు విసరడం మొదలుపెట్టింది. తనకే ఊపిరి అందడం లేదు, నోరు తెరుచుకుని ఉంది. తన ముక్కుకు ఏమీ అడ్డం పెట్టుకోలేదు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ కొంగు అట్లా విసురుతూనే ఉంది.