అవుటర్ దగ్గర ఆగిన సాయంత్రం బండి

మా చిన్నప్పుడు... సాయంత్రం లోకల్ బండి వచ్చే వేళకి మా తాత స్టేషన్‌లో నిలబడి ఉండేవాడు. తెల్ల ధోవతి, చేతిలో గొడుగు... మొహంలో నవ్వు మాత్రం ఉండేది కాదు.

అదీ ఒక స్టేషనేనా అంటే స్టేషనే మరి... ఒక గది, ఒక టికెట్ కిటికీ, గంటకి బదులు వేలాడదీసిన పట్టా ముక్క. ప్లాట్‌ఫారం ఎంత పొట్టిదంటే చివరి డబ్బాలవాళ్లు కంకర మీదే దిగాలి. పొద్దున పోయిన బండి సాయంత్రం తిరిగొచ్చేది. అంతే దాని సంబరం.

మా మేనత్త సుజాతకి టీచర్ ట్రైనింగ్ సీటొచ్చింది. పక్కనే నారాయణగూడలో అడుగుకో కాలేజీ ఉన్నా, ఆమె సీటు ఊరికి ఆ చివర పడింది. రెండు బస్సులు మారడం తాతకి ఇష్టం లేదు. లోకల్ బండిలో ఆడవాళ్ల డబ్బా వేరే ఉంటుందని దానికి ఒప్పుకున్నాడు. ఆ డబ్బాలోంచే తన కళ్ల ముందు దిగాలి, చీకటి పడకముందే దిగాలి... ఒక్కరోజు తేడా వచ్చినా చదువు బంద్. ఇదీ ఆయన షరతు.

ఒకరోజు పిల్లల ముందు పాఠం చెప్పి చూపించాలని అత్త నన్ను కూడా కాలేజీకి తీసుకెళ్లింది. భలే చెప్పింది. తిరుగు బండిలో ఆమె మొహం వెలిగిపోతోంది...

స్టేషన్ ఇంకాస్త దూరం ఉందనగా బండి అవుటర్ సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. ఎంతకీ కదలదు. మగవాళ్లకి ఇది అలవాటే... టపటపా దూకి పట్టాల పక్కన నడుచుకుంటూ ఇళ్లకి పోయారు. ఆడవాళ్లు దూకడమనేది లేదు. ఉక్కపోత, చెమట, ఏడ్చే పసిపిల్లలు... అందరం అలాగే కూర్చున్నాం. కిటికీలోంచి స్టేషన్ కనిపిస్తోంది. తాత ధోవతి కూడా కనిపిస్తోంది. పొద్దు గుంకుతోంది. అత్త ఒకసారి పొద్దు వైపు, ఒకసారి తాత వైపు చూస్తోంది.

ఉన్నట్టుండి లేచింది. చెప్పులు కిందికి విసిరి, కొంగు నడుముకి చుట్టి దూకేసింది. నన్నూ దింపుకుంది. గబగబా నడుస్తున్నాం...

సగం దూరం పోయామో లేదో, సిగ్నల్ పడింది. బండి కూత పెట్టి మా పక్కనుంచే వెళ్లిపోయింది. కిటికీల్లోంచి ఆడవాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు. అత్త అక్కడే నిలబడిపోయింది. ఆ క్షణం ముందుకీ పోలేక వెనక్కీ పోలేక నిలబడ్డ ఆమె మొహం నేనింకా మర్చిపోలేదు.

మేం చేరేసరికి డబ్బా ఖాళీ అయిపోయింది. తాత మెల్లగానే అడిగాడు.

"ఆడోళ్లందరు బండిల వచ్చిండ్రు. నువ్వేంది, పట్టాల మీదికెల్లి?"

"చీకటైతదని దుంకిన నాయినా..."

ఆయన ఆమె పుస్తకాల సంచి తీసుకుని ముందు నడిచాడు. ఆ సంచి మళ్లీ ఆమె చేతికి రాలేదు. మా నాన్న బతిమాలాడు, నానమ్మ ఏడ్చింది. తాత వినలేదు. కొన్నాళ్లకి ముషీరాబాద్ సంబంధం కుదిరింది.

మొన్న అత్తతో కలిసి అదే స్టేషన్లో లోకల్ ఎక్కాను. ఇప్పుడు ప్లాట్‌ఫారం పొడుగైంది, పైన వంతెన వచ్చింది, రోజంతా బండ్లే. అశోక్ నగర్‌లో కోచింగ్ తీసుకునే అమ్మాయిలు డబ్బా నిండా పుస్తకాలతో కిక్కిరిసి ఉన్నారు. ధైర్యం చేసి అత్తని అడిగాను... ఆరోజు ఇంకాస్సేపు కూర్చుని ఉంటే బాగుండేదని ఎప్పుడైనా అనిపించిందా అని.

"దుంకినందుకు నాకు బాధ లేదే," అంది. "మళ్ల ఎక్కనియ్యలే... గదే."

ఇంతలో మా బండి కూడా ఎక్కడో ఆగింది. పక్కనున్న అమ్మాయి ఫోన్ తీసి, "నాన్నా, జర లేటయితది" అని చెప్పి మళ్లీ పుస్తకంలో పడిపోయింది. అత్త ఆ పిల్లనే చూస్తూ కూర్చుంది...

మీ ఇళ్లల్లో కూడా ఇలా దారిలో ఆగిపోయిన చదువులు ఉండే ఉంటాయి. ఎవరివో చెప్పండి... వాళ్ల పేర్లయినా ఇక్కడ చదువుకుందాం.