జేబులోని చెయ్యి

సుమంత్ మెకానికల్ ఇంజినీరు. ఆటోనగర్ షెడ్డులో డ్యూటీ దిగాక కిరసనాయిలుతో చేతులు తోముకుని, సంచిలోని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ ఇంటికొస్తాడు. గోళ్ళ చుట్టూ నలుపు మాత్రం వదలదు. అందుకే వీధిలో అతని కుడిచెయ్యి ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. జీతం పద్దెనిమిది వేలు. చదువు కోసం తీసుకున్న లోనుకి నెలనెలా తొమ్మిది వేలు పోతాయి. వాళ్ళమ్మ పైడితల్లి వీధంతా చెప్పుకున్న జీతం నలభై వేలు.

నిన్న సాయంత్రం స్కూటర్ల మెకానిక్కు గవర్రాజు ఆపాడు. "మా పిల్ల శ్రీసత్యకి మెకానికల్లో సీటొచ్చింది బాబూ. ఐదు లచ్చలు లోను తియ్యాలి. ఉజ్జోగమొచ్చాక తీర్సీగలదా?" వద్దని చెప్పాలనే నోరు తెరిచాడు సుమంత్. గుమ్మంలోంచి అమ్మ చూస్తోంది. "తీర్చేస్తాది మావయ్యా," అన్నాడు. గవర్రాజు సంబరంగా అతని చెయ్యి జేబులోంచి లాగి రెండు చేతులతో పట్టుకున్నాడు. పట్టుకున్నవాడల్లా ఆ గోళ్ళకేసి చూశాడు, తన గోళ్ళకేసి చూసుకున్నాడు. రెండూ ఒకటే నలుపు. పైడితల్లికి వినబడకుండా అడిగాడు: "నిజంగా ఎంతిత్తన్నారు బాబూ?" సుమంత్ చెప్పాడు. గవర్రాజు చెయ్యి వదల్లేదు. "మరైతే, పొద్దున్నించి వీధిలో మిఠాయిలు పంచుతన్న పిల్లకి నానేటి సెప్పనూ?"