సింగన్నను చంపిన పాపం

ఊపిరి పోయడం, తీయడం తన ఒక్కడి పనిగా పెట్టుకున్న దేవునికి ముందుగా స్తోత్రం. ఆ రెండు పనుల్లో రెండోదాన్ని ఒకప్పుడు నేను ఆయన్ను అడగకుండా నా చేతిలోకి తీసుకున్నాను. అయినా ఆయన నన్ను ఇన్నేళ్ళు బతకనిచ్చి, నా తలవంపులు నేనే మీకు చెప్పుకునే రోజు చూపించాడు. అందుకు ఇంకోసారి స్తోత్రం.

ఇక దాచడం దేనికి? ఖతర్‌లో నేనొక మనిషిని చంపాను. కంగారు పడకండి. అతనికి పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, ఒంట్లో చుక్క రక్తం లేదు. అతన్ని పుట్టించిందీ నా నోరే, పొట్టన పెట్టుకుందీ నా నోరే. కానీ ఆ లేని మనిషి చావు ఉన్న మనిషి ప్రాణం మీదికి వచ్చింది. అప్పుడు నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు.

చమురు ధర ఆకాశానికెక్కి, దోహాలో సముద్రాన్ని పూడ్చి మరీ భవనాలు లేపుతున్న రోజులవి. నాకు ఇరవై నాలుగేళ్ళు. మా నాన్నగారు గోదావరి పక్క ఒక పల్లెలో సంఘ కాపరి. నడక రాకముందే వాక్యం కంఠతా పట్టించారు నాకు. ఆ కంఠం వేసుకుని వెళ్ళి ఒక కంపెనీలో స్టోర్ కీపర్‌గా చేరాను. క్యాంపులో గదికి ఎనిమిదిమంది. పగలంతా ఎండ, ఇనుము, సున్నపు దుమ్ము. సాయంత్రం తిండి అయ్యాక ఒకరి మొహం ఒకరు చూసుకోవడం తప్ప పని లేదు. అలాంటి చోట నేను కథ మొదలుపెట్టాను.

కథంటే ఆషామాషీ కథ కాదు. తొమ్మిది కోటలు, నిప్పులు కక్కే గద్దలు, శవాలను లేపి సైన్యంగా నడిపే ఒక మాంత్రికుడు. మొదటి వారంలో రాజును చంపాను. గది గతుక్కుమంది. రెండో వారంలో రాణిని, ఆమె కడుపులో బిడ్డతో సహా చంపాను. పక్క గదులవాళ్ళు కూడా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. మూడో వారానికి నాకు చంపడం రుచి మరిగింది. ఇంట చంపి రచ్చ చంపమన్నారు పెద్దలు, అనకపోతే అనాల్సింది.

"క్యా మియా, నీ కథల మనిషికి గ్యారంటీ లేదు. అచ్చం మన సైటే!" అన్నాడు మెస్సులో వంటచేసే హైదరాబాదు ఖాజాభాయ్. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాను.

ఇంతమంది చచ్చినా గదిలోవాళ్ళు నన్ను భరించడానికి కారణం సింగన్న. సింగన్న రాజు కాదు, వీరుడు కాదు. ఏటి మీద పడవ నడిపేవాడు. శత్రువు ఆకలితో వస్తే తన గంజి సగం పోసి, తాగాక పడవ గడతో ఒక్కటి వేసే రకం. నేను అతన్ని ఏదో ఒక పూట నవ్వుకోడానికి పెట్టాను. వాళ్ళు గుండెలో పెట్టుకున్నారు.

అందరికన్నా ఎక్కువ పెట్టుకున్నవాడు రాజం. జగిత్యాల పక్క కుర్రాడు. అన్న లింగయ్యతో కలిసి మా గదిలోనే ఉండేవాడు, ఇద్దరిదీ రాడ్లు వంచే పని. ఒక మధ్యాహ్నం రాడ్ల కట్ట జారి రాజం కాలిమీద పడింది. ఆస్పత్రిలో చేర్చారు. పది రోజులకు డాక్టరు పెదవి విరిచాడు. మోకాలి కింద కుళ్ళు పట్టింది, కాలు తీసేయాలి, లేకపోతే విషం పైకెక్కి మనిషి దక్కడన్నాడు. కాగితం మీద రాజం వేలిముద్ర కావాలి. రాజం వెయ్యనన్నాడు.

"కాల్లేకుంట ఊరికి ఏ మొఖం వెట్టుకొని పోవాలె? సస్తే సస్త" అని గోడవైపు తిరిగి పడుకున్నాడట.

లింగయ్య రోజూ డ్యూటీ అయ్యాక ఏదో ఒక పికప్ పట్టుకుని ఆస్పత్రికి పోయేవాడు. రాజం తిండి తినేవాడు కాదు, మందు మింగేవాడు కాదు. ఒక్కటే అడిగేవాడు: "నిన్న సింగన్న ఏం జేసిండే?" లింగయ్య నా కథను తన మాటల్లో చెప్పేవాడు. ఆ కాసేపట్లో నర్సు నాలుగు ముద్దలు నోట్లో పెట్టేది.

సరిగ్గా అప్పుడే నేను సింగన్న కాలికి విషపు బాణం తగిలించాను. మరునాటికి చంపాలని నా ఏర్పాటు.

లింగయ్య నన్ను నీళ్ళ ట్యాంకు పక్కకు పిలిచాడు. "సారూ, నీ కాల్మొక్త. సింగన్నకు కాల్ తీసెయ్. పాణం తియ్యకు. కాలు తీసినంక గూడ సింగన్న బతికిండంటే మా తమ్ముడు ఏలిముద్ర ఏస్తడు."

ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్తారు? రాయికైనా అర్థమవుతుంది. నేను రాయినైతే బాగుండేది, కథకుణ్ణి.

"లింగయ్యన్నా, అలా కుదరదు. గొప్ప కథలో గొప్పవాళ్ళు చావాలి. జాలిపడి బతికిస్తే కథ చప్పబడిపోతుంది."

"చప్పగయితే ఇంత ఉప్పేస్కో సారూ. మనిషిని సంపుతరా?"

"అతను మనిషి కాదన్నా, పాత్ర."

"మరి మా తమ్ముడు?"

గడియారం చూసుకుని స్టోరుకు వెళ్ళిపోయాను. ఆ గడియారం రెండు రోజులుగా ఆగిపోయి ఉంది.

మర్నాడు శుక్రవారం. దోహాలోనే మదీనత్ ఖలీఫా పేటలో ఒక విల్లా వెనక గదిలో మా తెలుగువాళ్ళం పాతికమందిమి ప్రార్థనకు కూడేవాళ్ళం. నడిపించేది సుగుణమ్మగారు. రాజోలు మనిషి, నర్సు. ఆవిడ ప్రార్థిస్తే పైనున్నవాడు కూడా లేచి కూర్చుంటాడని మా నమ్మకం. లింగయ్యను రమ్మని నేను ఆరు నెలలుగా పిలుస్తున్నాను, ఒక్కసారి రాలేదు. ఆ రోజు నేను వెళ్ళేసరికి ముందు వరసలో, తల దువ్వుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒక ఆత్మ దొరికిందని పొంగిపోయాను.

సుగుణమ్మగారు అడిగారు: "ఎవరికైనా ప్రార్థన మనవులు ఉన్నాయా?"

లింగయ్య లేచాడు. "అమ్మా, మా సింగన్నకు కాలికి విషమెక్కింది. పాణం మీదికొచ్చింది. కాలు వోయినా మంచిదే, మనిషి దక్కాలని మీ దేవునికి జర చెప్పుండ్రి."

నా వీపు మీద చెమట చీమల్లా పాకింది.

"అయ్యో! ఏ ఆస్పత్రి బాబూ?"

"ఈ సారుకే ఎరుకమ్మా. ఈయన చేతులనే ఉన్నడు."

పాతిక మొహాలు నావైపు తిరిగాయి. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. కానీ నోరు మంచిదైతే కదా క్యాంపు మంచిదయ్యేది!

"దూరంగా ఉన్నాడండి" అన్నాను.

"దూరమంటే? అల్ రువైసా?"

"ఆఁ, అటువైపే."

"అంత ఉత్తరాన, పాపం ఒంటరిగా! రేపటినుంచి మూడు రోజులు సంఘమంతా ఉపవాసం" అని అప్పటికప్పుడు మోకరించి, అల్ రువైసులో మంచాన పడ్డ సింగన్న సహోదరుడి కోసం కన్నీళ్ళతో అరగంట ప్రార్థించారు. నేను గట్టిగా ఆమేన్ అన్నాను. ఇంకేం చేయను?

బయటికొచ్చాక లింగయ్యను నిలదీశాను. "ఏంటన్నా ఇది? దేవుడితో ఆటలా?"

"ఆటెందుకు సారూ? నువ్వు మా మాట ఇనవు. దేవుని మాట ఇంటవు గదా. అందుకే ఆయనతోని చెప్పిస్తున్న."

బుద్ధి ఉన్నవాడైతే అక్కడే లొంగిపోయేవాడు. నాకు మాత్రం పంతం పట్టుకుంది. ప్రార్థనలతో నా కథను తిప్పుతారా? ఆ సాయంత్రమే గది నిండా జనం ఉండగా సింగన్నను చంపేశాను. ఏరు ఒక్క క్షణం ఆగిపోయిందన్నాను. ఏరు ఎందుకు ఆగాలో నాకు ఇప్పటికీ తెలియదు. పడవ తనంతట తానే వల్లకాటివైపు తిరిగిందన్నాను. సంఘం ఉపవాసం మొదలుపెట్టకముందే రోగిని పాతిపెట్టిన ఘనత నాది.

ముందుగా ఖాజాభాయ్ లేచాడు.

"మియా, రేపటి నుంచి నీ రొట్టె నువ్వే చేస్కో."

"అదేంటి భాయ్, కథే కదా!"

"అవు. కథనే. నీ రొట్టె గూడ కథలనే తిను."

ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు; ఆ పూట చంపినవాడి మొహం బెత్తెడైంది. లింగయ్య చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర ఆగి నావైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పనిలో చెయ్యి ఆడలేదు. స్టోరులో బోల్టులు లెక్కపెడుతుంటే ఒక్కొక్కటీ "మరి మా తమ్ముడు?" అన్నట్టుంది. తాళం వేసి, సిమెంటు దింపడానికి పోతున్న పికప్ ఎక్కి ఆస్పత్రికి పోయాను. రాజం కాళ్ళమీద పడి, క్షమించమని అడిగి, బతిమాలి అయినా వేలిముద్ర వేయిద్దామని.

ఇక్కడే, పాఠకులారా, అసలు ఘోరం జరిగింది.

వార్డులో మందుల వాసనకన్నా కుళ్ళిన మాంసం వాసన ఎక్కువగా ఉంది. రాజం చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. మంచం పక్కన డాక్టరు కాగితం పట్టుకుని, నర్సు సిరా డబ్బా పట్టుకుని నిలబడ్డారు. డ్యూటీ మానేసి వచ్చిన లింగయ్య తమ్ముడి బొటనవేలు పట్టుకుని మెల్లగా ఏదో చెప్తున్నాడు. నేను అదేమీ గమనించలేదు. పశ్చాత్తాపం గుర్రంలాంటిది, ఎక్కినవాడికి దారి కనపడదు. పరుగున పోయి మంచం పట్టె మీద తల ఆనించి బావురుమన్నాను.

"తమ్ముడూ, నన్ను క్షమించు! సింగన్న చనిపోయాడు! నేనే చంపేశాను!"

సిరాకు వేలెడు దూరంలో ఉన్న బొటనవేలు వెనక్కి పోయింది.

"సచ్చిండా?" అన్నాడు రాజం. పెదవుల్లో నెత్తురు లేదు. "కాల్ తీసినంక గూడ సచ్చిండా? అన్నా, బతికిండంటివి గదనే?"

అప్పుడు అర్థమైంది నాకు. లింగయ్య నా కథను పక్కన పడేసి తన కథ చెప్పాడు. ఆ కథలో సింగన్నకు కాలు తీశారు, సింగన్న బతికాడు. అది నమ్మి రాజం వేలు చాచాడు. లోకం మొత్తంలో సింగన్న బతికున్న ఒకే ఒక్క చోటు ఆ మంచం. నేను పనిగట్టుకుని వచ్చి అక్కడ కూడా చంపాను.

లింగయ్య తొణకలేదు. "ఈయనకు అంతదాకనే తెల్సురా. సింగన్న సచ్చిండని శత్రువులు ఊరూరా దండోరా ఏయించిండ్రు. ఈ సారు నమ్మిండు, పాపం."

"గట్లనా సారూ?"

నా కథలో నేను శత్రువుల మాట నమ్మిన వెర్రివాణ్ణి! అంతకన్నా మంచి పదవి నాకు దక్కదని తెలిసి తల ఊపాను. "అవును తమ్ముడూ, మోసపోయాను. బతికే ఉన్నాడు. కాలే పోయింది."

రాజం వదల్లేదు. "కాల్లేకుంట పడవెట్ల నడుపుతడు? గడ ఏసేటోడు నిలవడాలె గద."

డాక్టరు గడియారం చూసుకున్నాడు. లింగయ్య నన్ను చూశాడు. జీవితంలో అంత భయంగా ఎప్పుడూ కథ చెప్పలేదు.

"గడ వదిలేశాడు. తెడ్డు పట్టాడు. తెడ్డు వేసేవాడు కూర్చునే వేస్తాడు."

రాజం తన కాలివైపు చూసుకున్నాడు. "కూసొని చేసే పని ఉంటదా సారూ, ఊళ్ళె గూడ?"

"ఎందుకుండదు? రెండు కాళ్ళుండి నేను స్టోరులో చేసేదేమిటి? పొద్దున కూర్చుంటే సాయంత్రం లేస్తాను."

రాజం మొహంలో ఏదో కదిలింది. నవ్వని అనలేను. వేలు సిరాలో ముంచి కాగితం మీద ఒత్తాడు. ఆ రాత్రే కాలు తీశారు. మనిషి దక్కాడు.

తరువాతి శుక్రవారం సంఘం ముందు నిలబడి అంతా ఒప్పుకున్నాను. సింగన్న అల్ రువైసులో లేడని, అసలు ఎక్కడా లేడని. మూడు రోజులు కడుపు మాడ్చుకున్న పాతికమంది నన్ను చూసిన చూపు ఇప్పటికీ వీపుకు తగులుతుంది. సుగుణమ్మగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇంతకీ బతికాడా?"

"బతికాడండి. సింగన్నా బతికాడు, రాజమూ బతికాడు."

"మరి స్తోత్రం చెప్పకుండా అలా గుడ్లప్పగిస్తావేం? మేం అడిగింది ఆయన ఇచ్చాడు. మధ్యలో నువ్వెవరు?" అని ఆవిడ పాట ఎత్తుకున్నారు. పాట అయ్యాక తీర్పు చెప్పారు. "అబద్ధమాడినందుకు ఈ పూటనుంచి మూడు రోజులు ఉపవాసం నీది. మేం భోజనాలు చేస్తాం, నువ్వు వడ్డించు."

ఆ రోజు బిర్యానీ. లింగయ్య రెండుసార్లు వేయించుకున్నాడు.

రాజం ఇంకా నెలన్నర ఆస్పత్రిలో ఉన్నాడు. కథ చెప్పడానికి రోజూ నేనే పోయేవాణ్ణి. చివరికి మాంత్రికుణ్ణైనా చంపుతానని అనుమతి అడిగాను. రాజం ఒప్పుకోలేదు. "వానికి గూడ ఎవలో అన్న ఉంటడు గద సారూ. ఆయనకెవలు చెప్తరు?"

కనుక, దేవుని ఎదుట, మీ ఎదుట ఇదే నా ప్రమాణం. ఇక నా నోట ఎవరూ చావరు. రాజు చావడు, రాక్షసుడు చావడు, దోమ కూడా చావదు. మనవలు మరీ గోల పెడితే రాక్షసుడికి జలుబు చేయిస్తాను, అదీ శొంఠి కషాయంతో తగ్గిపోయే జలుబు. ఎత్తైన కట్టడాల మీద, బరువైన ఇనుము కింద ఈ పూట కూడా పనిచేస్తున్న తమ్ముళ్ళందరి కోసం, వాళ్ళకోసం ఎదురుచూసే అన్నల కోసం నాతో కలిసి ఒక్కమాట ప్రార్థించండి. చివర్లో, మీకు ఓపిక మిగిలితే, ఈ నోటి కోసం కూడా. ఆమేన్.